మూడు రోజులు, పదకొండు సీసా మూతలు: కొత్త మెటల్ డిటెక్టర్ గురించి మీ ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో ఐదు మెటల్ డిటెక్టర్ గురించే. మొదటిదానికి జవాబు బాగా పెద్దది, మిగతా నలుగురికీ కావలసింది చాలావరకు అందులోనే ఉంది కాబట్టి అందరూ అదొక్కటీ చదవండి.

ప్రశ్న: మాది చెన్నై సైదాపేట. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. మా అబ్బాయి అమెరికా నుంచి వస్తూ మెటల్ డిటెక్టర్ తెచ్చాడు, పొద్దున నడకకి తోడుగా ఉంటుందని. మూడు రోజులు ఎలియట్స్ బీచ్‌కి తీసుకెళ్లాను. అడుగు తీసి అడుగు వేస్తే కూత. తవ్వితే పదకొండు సీసా మూతలు, సిగరెట్ పెట్టె రేకు, ఒక తుప్పు మేకు. నీళ్ల దగ్గరికి వెళ్తే ఇక ఆగకుండా అరుస్తూనే ఉంది. లోపం మెషీన్‌లోనా, నా చేతిలోనా? బుక్‌లెట్ రెండుసార్లు చదివాను, తలకెక్కలేదు.

జవాబు: లోపం మెషీన్‌లోనూ లేదు, మీ చేతిలోనూ లేదండీ. సరళీ వరసలు రాకుండానే కచేరీకి కూర్చున్నారు, అంతే. ఈ యంత్రానికి కావలసింది చెవి, ఆ చెవి తయారవడానికి ఓ రెండు వారాలు ఇంటి దగ్గరే గడపాలి. బీచ్ ఎక్కడికీ పోదు.

ముందు అది ఏం చేస్తోందో తెలుసుకోండి, బుక్‌లెట్ తర్వాత దానంతట అదే అర్థమవుతుంది. కడ్డీ కింద చివర ఉన్న ఆ గుండ్రటి కాయిల్‌లో రెండు తీగచుట్లు ఉంటాయి. ఒకటి సెకనుకు వేల సార్లు దిశ మార్చుకునే అయస్కాంత క్షేత్రాన్ని నేలలోకి పంపిస్తుంది. కింద లోహం ఏదైనా ఉంటే అందులో చిన్న చిన్న కరెంటు సుళ్లు పుడతాయి, ఆ సుళ్ల వల్ల పుట్టిన బలహీనమైన క్షేత్రాన్ని రెండో చుట్టు పట్టుకుంటుంది. ఆ జవాబు ఎంత బలంగా వచ్చింది, ఎంత ఆలస్యంగా వచ్చింది అన్నది చూసి మెషీన్ ఒక అంకె చూపిస్తుంది, ఒక కూత కూస్తుంది. దానికి తెలిసింది అంతే. బంగారం అనే మాట దానికి తెలియదు. సన్నటి ఉంగరమూ, సిగరెట్ పెట్టె రేకూ, కూల్‌డ్రింక్ డబ్బా మీద లాగే రింగూ దాదాపు ఒకే అంకె దగ్గర పడతాయి. అందుకే రేకు తవ్వడం ఇష్టం లేనివాళ్లకి ఉంగరం కూడా దొరకదు, ఇది ఎంత అనుభవం ఉన్నవాళ్లకైనా తప్పదు.

ఇప్పుడు ఇంట్లో చేయాల్సిన పని. నేల మీద పెట్టి మాత్రం పరీక్షించకండి, టైల్స్ కింద స్లాబులో ఇనుప చువ్వలు ఉంటాయి, వాటి కూత తప్ప ఇంకేమీ వినపడదు. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్‌ని తుపాకీతో కాల్చినప్పుడు, ఒంట్లో దిగిన గుండు ఎక్కడుందో కనిపెట్టడానికి టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహం బెల్ ఇలాంటి పరికరమే తయారు చేసుకుని వెళ్లాడు. దొరకలేదు. ఆయన పడుకున్న మంచంలో ఉక్కు స్ప్రింగులు ఉండటం ఒక కారణం, డాక్టరు గుండు కుడివైపే ఉందని నమ్మి అటే వెతకనివ్వడం ఇంకో కారణం. చనిపోయాక చూస్తే గుండు ఎడమవైపు ఉంది. నేను ఈ యంత్రం పట్టుకున్న ప్రతిసారీ ఈ రెండూ గుర్తు చేసుకుంటాను: చుట్టుపక్కల ఇనుము ఏముంది, నేను అనుకున్న చోటే వెతుకుతున్నానా అని.

కాబట్టి ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వరండాలో పెట్టండి. డిటెక్టర్‌ని దానికి ఆనించి కాయిల్ గాలిలో ఉండేలా, గ్రిల్లుకీ గేటుకీ దూరంగా చూసుకోండి. చేతికున్న వాచీ, ఉంగరం తీసేయండి. ఇంట్లో ఉన్న లోహపు వస్తువులు ఒక్కొక్కటీ తీసుకుని కాయిల్ ముందు నుంచి జానెడు దూరంలో అటూ ఇటూ ఆడించండి. ఆడించడం ముఖ్యం, ఎందుకంటే మామూలు మోడ్‌లో ఈ మెషీన్లు కదలికనే పట్టుకుంటాయి, వస్తువూ కాయిలూ రెండూ ఆగిపోతే కూత కూడా చల్లారిపోతుంది. రాగి చెంబు, ఇత్తడి కుంది, వెండి పట్టీ, మీ ఆవిడ గారి ఉంగరం, సేఫ్టీ పిన్ను, మేకు, సోడా మూత, మాత్రల రేకు. ప్రతిదానికీ ఒక నోట్‌బుక్‌లో అంకె రాయండి, పక్కన కూత ఎలా ఉందో మీ మాటల్లో రాయండి. నా పుస్తకంలో వెండి పట్టీ పక్కన 'గంట కొట్టినట్టు, రెండు వైపులా ఒకేలా' అని ఉంటుంది, మేకు పక్కన 'గొంతు పట్టేసినట్టు, ఒక వైపు వెళ్తే ఒకటి, తిరిగి వస్తే ఇంకోటి' అని ఉంటుంది. అంకె తప్పు చెప్పినా ఈ రెండో ముక్క చాలాసార్లు నిజం చెబుతుంది.

సీసా మూతల సంగతి చెప్పాలి, మీకు పదకొండు దొరికాయి కాబట్టి. అది ఇనుమే గానీ పలచగా, గుండ్రంగా, బల్లపరుపుగా ఉంటుంది, అందువల్ల మెషీన్ దాన్ని మంచి లోహం అనుకుని పై అంకె చూపిస్తుంది. ఇంట్లో ఒక మూతని కాయిల్ మధ్య నుంచి ఒకసారి, అంచు నుంచి ఒకసారి పోనివ్వండి. అంచు దగ్గర అంకె జారి కూత బొంగురుపోతే అది మూతే అయ్యుండే అవకాశం ఎక్కువ.

ఇంకో ముక్క, ఇది బుక్‌లెట్‌లో ఉండదు. మెషీన్ అమెరికాది, అందులో ఉన్న 'కాయిన్స్' మోడ్ కూడా వాళ్ల నాణేలకి సరిపడా పెట్టింది. అక్కడి చిల్లర రాగి, నికెల్, జింకు కలిసినది, మనకి ఇప్పుడు చెలామణిలో ఉన్న రూపాయి, రెండు రూపాయల బిళ్ళలు చాలావరకు అయస్కాంతానికి అతుక్కునే స్టీలువి. ఇనుము వినపడకుండా ఆపేసే మోడ్‌లో పెట్టారంటే మన రూపాయి వినపడకుండా కూడా పోవచ్చు, బిళ్ళ పడుకుని ఉంటే ఒకలా, నిలబడి ఉంటే ఒకలా కూయవచ్చు. పాత పలకల ఐదు పైసలు, అంచులు వంపులు తిరిగిన పది పైసలు ఇంట్లో ఉంటే అవీ పట్టుకు చూడండి, అవి చాలావరకు అల్యూమినియంవి, వాటి గొంతు వేరు. మొదటి నెల మాత్రం అన్ని లోహాలూ వినిపించే మోడ్‌లోనే ఉంచండి, కూసిన ప్రతిదీ తవ్వండి. విసుగ్గా ఉంటుంది, నిజమే, కానీ చెవి అలాగే కుదురుతుంది.

తర్వాత లోతు. ఒక రూపాయి బిళ్ళని జిప్ ఉన్న చిన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టి, కవరుకి పొడుగాటి దారం కట్టి, పెరట్లోనో పార్కు మూల మట్టిలోనో ముందు రెండు అంగుళాల లోతున పూడ్చండి, తర్వాత నాలుగు, తర్వాత ఆరు. దారం ఉంటే మళ్లీ లాక్కోవచ్చు. రెండు నుంచి నాలుగుకి వెళ్లేసరికే కూత ఎంత పడిపోతుందో విని ఆశ్చర్యపోతారు. వెళ్లే క్షేత్రమూ, తిరిగొచ్చే క్షేత్రమూ రెండూ దూరంతో పాటు తగ్గిపోతాయి, అందుకని చిన్న వస్తువు రెట్టింపు దూరం వెళ్తే జవాబు సుమారు 64వ వంతుకి వచ్చేస్తుంది. నాణెం లాంటి దానికి ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు అంటే మామూలు మెషీన్‌కి మంచి లోతు కిందే లెక్క. మూడు అడుగుల కింద ఉంగరం పట్టుకుంటుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

చేతి పద్ధతి ఒకటి సరిచేసుకోవాలి. కొత్తవాళ్లు అందరూ ఊయల ఊపినట్టు ఊపుతారు, మధ్యలో కాయిల్ నేలకి దగ్గరగా ఉండి రెండు చివర్లా జానెడు పైకి లేచిపోతుంది, ఇప్పుడు చెప్పిన 64వ వంతు లెక్క చూస్తే ఆ చివర్ల ఏమీ వినపడకపోవడంలో వింత లేదు. చీపురు పట్టుకుని వాకిలి ఊడ్చినట్టు ఊపండి. చీపురు చివరిదాకా నేల వదలదు కదా, అలా ఒక అంగుళం ఎత్తులో, నెమ్మదిగా, ఒక ఊపుకీ ఇంకో ఊపుకీ మధ్య సగం కాయిల్ మేర ఒకదాని మీద ఒకటి పడేలా ముందుకి వెళ్లండి. కడ్డీ చుట్టూ చుట్టిన కేబుల్ వదులుగా ఊగుతుంటే దొంగ కూతలు వస్తాయి, బిగించి చుట్టుకోండి. ఫోన్ కాయిల్‌కి దూరంగా, వెనక జేబులో ఉంచండి.

ఇక నీళ్ల దగ్గర అరుపు. ఉప్పు నీటికి కరెంటు పారుతుంది, తడి ఇసుక మొత్తం మెషీన్‌కి పెద్ద లోహపు పలకలా కనబడుతుంది. ఒకే ఫ్రీక్వెన్సీతో, అంటే క్షేత్రం సెకనుకు ఎన్నిసార్లు దిశ మారాలో ఒకటే లెక్కతో, పనిచేసే మెషీన్లకి ఇది ఉన్న బలహీనతే, చాలా ఫ్రీక్వెన్సీలు ఒకేసారి పంపే రకమో, క్షేత్రాన్ని విడివిడి దెబ్బలుగా పంపే పల్స్ రకమో అయితే తట్టుకుంటుంది. మీది మొదటి రకమని మీరు చెప్పిన లక్షణాన్ని బట్టి అనిపిస్తోంది. అలలు వెనక్కి వెళ్లాక ఇసుక మీద నల్లటి చారలు మిగులుతాయి చూశారా, ఒక అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఆ చార మీద ఈడ్చండి, నల్ల రేణువులు కొన్ని కవరుకి గడ్డంలా అతుక్కుని వస్తాయి. అవి ఇనుము కలిసిన ఖనిజాలు. వాటికీ మెషీన్ గందరగోళ పడుతుంది. దానికోసమే గ్రౌండ్ బాలెన్స్ అనే ఏర్పాటు: ఏ కూతా లేని చోటు చూసుకుని, బటన్ నొక్కి పట్టుకుని, కాయిల్‌ని జానెడు ఎత్తు నుంచి నేల దాకా నాలుగైదు సార్లు పైకీ కిందకీ ఆడిస్తే ఆ నేలని తీసివేసి మిగతాది వినిపిస్తుంది. అప్పటికీ గొడవగా ఉంటే సెన్సిటివిటీ, అంటే ఎంత చిన్న జవాబుకి కూయాలన్న అమరిక, తగ్గించండి. ఫుల్‌లో పెడితే ఎక్కువ దొరుకుతాయని చాలామందికి ఒక నమ్మకం. గోలలో ఏ కూత నిజమో తెలియనప్పుడు లోతు పెరిగి ఏం లాభం, మూడో వంతు తగ్గించి ప్రశాంతంగా వినండి. ఇప్పటికి మీరు పొడి ఇసుకలోనే ఉండండి, జనం కూర్చునే చోట, మొక్కజొన్న బండ్ల ముందర. పోయే వస్తువులు కూర్చుని లేచే చోటే పోతాయి.

కూత దొరికాక కాయిల్‌ని ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా పోనిచ్చి, రెండు గీతలూ కలిసే చోట, వస్తువు సరిగ్గా ఎక్కడుందో చూపే పిన్‌పాయింట్ బటన్ నొక్కండి. తవ్వాక గుంట పూడ్చేయండి, ఎవరి కాలైనా మడత పడుతుంది. మూతలు, మేకులు అక్కడే పడేయకండి, ఒక సంచిలో వేసుకుని డస్ట్‌బిన్‌లో వేయండి. అవి మళ్లీ మీకే కూస్తాయి, చిన్నపిల్లలు కూడా చెప్పుల్లేకుండా పరిగెత్తే ఇసుక అది.

ప్రశ్న: బీచ్‌లో ఇలా వెతకడానికి ఏమైనా ఆంక్షలు ఉన్నాయా? దొరికింది మనం ఉంచుకోవచ్చా? పల్లవరం నుంచి ఒక కాలేజీ కుర్రాడు.

జవాబు: బాబూ, మంచి ప్రశ్న అడిగావు, చాలామంది తవ్వాక అడుగుతారు.

మహాబలిపురం వైపు యంత్రం తీసుకుని వెళ్లనే వద్దు. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాల చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, దాని తర్వాత ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. 2004 సునామీ తర్వాత అక్కడ ఇసుక కదిలి పాత రాతి పనులు బయటపడ్డాయి కదా, ఒక వస్తువు ఏ పొరలో ఎంత లోతున ఉందన్నదే దాని చరిత్ర, మనం పెకిలించి తీస్తే ఆ చరిత్ర పోయి ఉత్త ముక్క మిగులుతుంది. గుడి భూములు, కోనేరు గట్లు కూడా వద్దు.

జనవరి నుంచి మార్చి దాకా రాత్రిపూట చెన్నై ఇసుకలో ఎక్కడా తవ్వకు. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం అది. ఒక్కో గూటిలో వంద పైచిలుకు గుడ్లు, ఒకటిన్నర అడుగు లోతున. నీలాంకరై నుంచి బీసెంట్ నగర్ వైపు ఆ గూళ్లు వెతుకుతూ విద్యార్థులు 1988 నుంచి రాత్రంతా నడుస్తున్నారు, వీలైతే ఒక రాత్రి వాళ్లతో నడిచి చూడు.

ఇక దొరికింది ఉంచుకోవడం. రూపాయి బిళ్ళకి ఎవరూ రారు. ఉంగరమో గొలుసో అయితే అది ఎవరిదో ఒకరిది, వాళ్లు ఎవరో తెలుసుకునే ప్రయత్నం చేయకుండా సొంతానికి వాడుకోవడం నేరం, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 314వ సెక్షన్. నాకు ఓ ఏడాది వేళాంకన్ని చర్చి ఎదురుగా ఇసుకలో లోపల పేరు చెక్కిన వెండి ఉంగరం దొరికింది. దగ్గరలో ఉన్న స్టేషన్‌లో ఇచ్చి కాగితం మీద రాయించుకుని వచ్చాను. తర్వాత ఏమైందో నాకు తెలియదు, కానీ ఆ రోజు బాగా నిద్ర పట్టింది. జాలర్ల వలలకి కట్టే సీసపు గుళ్లు మాత్రం చాలా దొరుకుతాయి, బంగారం అంకెలకి దగ్గరగా కూస్తాయి, నాలుగు పోగయ్యాక ఊరూర్ కుప్పంలో ఎవరికైనా ఇచ్చేసెయ్.

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లా, ఉద్యోగం అంబత్తూరులో. ఊళ్లో మా తాతల నాటి ఇల్లు కూలిపోయి ఉంది. పునాదుల్లో లంకెబిందెలు ఉన్నాయని మా పెదనాన్న వాళ్లు చిన్నప్పటి నుంచి అంటారు. ఒకాయన రెండు యాంటెన్నాలున్న యంత్రం తెస్తాడట, అర కిలోమీటరు దూరం నుంచే బంగారం ఎటుందో చూపిస్తుందట, అద్దె రెండు లక్షలు. పిలిపించమంటారా?

జవాబు: పిలిపించకండి. రెండు లక్షలు మీ పిల్లల పేరు మీద వేసుకోండి.

పైన 64వ వంతు లెక్క చదివారు కదా. నాణేనికి ఒక అడుగు దాటితేనే అంత కష్టపడే భౌతికశాస్త్రం అర కిలోమీటరు దూరంలో బంగారానికి మాత్రం దారి ఇవ్వదు. చేతిలో ఊగే ఆ యాంటెన్నా ఎటు తిరిగినా అది మణికట్టు వంపు. ఇలాంటి మోసం పెద్ద పెద్ద ప్రభుత్వాల దగ్గరే జరిగింది. జేమ్స్ మెక్‌కార్మిక్ అనే బ్రిటిష్ వ్యాపారి గోల్ఫ్ బంతులు వెతకడానికని అమ్మే ఉత్త ప్లాస్టిక్ పిడిని చూసి అలాంటివే బాంబులు కనిపెట్టే యంత్రాలని తయారు చేయించి ఇరాక్‌కి అమ్మాడు, బాగ్దాద్ చెక్‌పోస్టుల్లో సైనికులు వాటిని నమ్ముకుని బండ్లు వదిలేవారు. 2013లో లండన్ కోర్టు పదేళ్ల జైలు వేసింది. మీ ఊరికి వచ్చేదీ ఆ జాతిదే, మొదటి రోజు 'ఇక్కడ ఉంది' అంటుంది, రెండో రోజు పూజ అంటుంది, మూడో రోజు ఇంకో లక్ష అంటుంది.

నిజంగానే ఏదైనా దొరికిందనుకోండి, అది మీ సొంత స్థలమే అనుకోండి, అప్పుడు కూడా 1878 నాటి నిధుల చట్టం వర్తిస్తుంది. భూమిలో దాగి ఉన్న సొత్తు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి రాతపూర్వకంగా తెలియజేయాలి: ఏం దొరికింది, ఎక్కడ, ఏ తేదీన. సొత్తు దగ్గరలోని ప్రభుత్వ ఖజానాలో జమ చేయాలి, లేదా హామీ ఇవ్వాలి. పాత హక్కుదారు ఎవరూ తేలకపోతే, వేరే ఒప్పందం లేని చోట, కనుక్కున్నవాళ్లకి ముక్కాలు వంతు, స్థలం యజమానికి పావు వంతు అని చట్టంలోనే ఉంది. దాచిపెడితే ఏడాది దాకా జైలు. వందేళ్లు దాటిన వస్తువులకి 1972 నాటి పురావస్తువుల చట్టం కూడా వచ్చి చేరుతుంది.

గుప్తనిధుల పేరుతో గుళ్లలో నందుల్ని, ధ్వజస్తంభాల మొదళ్లని పెకిలించిన వార్తలు మన వైపు పేపర్లలో ఎన్ని చూశామో. ఈ వ్యవహారం మొదలయ్యేది ఇలాంటి ఇంటి మాటతోనే. మీ పెదనాన్న గారికి కోపం వచ్చినా సరే గట్టిగా చెప్పండి, అవసరమైతే ఈ పేజీ చూపించండి.

ప్రశ్న: కొత్తవాళ్లకి ఖరీదైనది కొనాలా, చవకది చాలా?

జవాబు: మధ్యస్థంగా ఉన్నది చాలు. మూడు విషయాలు చూడండి: తెర మీద అంకె చూపించాలి, గ్రౌండ్ బాలెన్స్ మనం చేసుకునే వీలుండాలి, హెడ్‌ఫోన్స్ పెట్టుకోవడానికి ఉండాలి. కాయిల్ తడవొచ్చు గానీ పైన ఉన్న డబ్బా తడవకూడని మోడళ్లే ఎక్కువ, అది అడిగి తెలుసుకోండి. బొమ్మల షాపులో దొరికే వాటితో పిల్లలకి కూడా రెండో రోజుకి విసుగొస్తుంది.

ప్రశ్న: పెరంబూర్ నుంచి రాస్తున్నాను. పొద్దున మల్లెపూలు కోస్తుండగా నా చెవి దుద్దు పెరట్లో పడిపోయింది. మా అమ్మ పెట్టింది, రాళ్లు లేని ఉత్త బంగారం దుద్దు. వెతికి వెతికి ఏడుపొస్తోంది. పక్కింటివాళ్ల దగ్గర మెటల్ డిటెక్టర్ ఉంది, ఇస్తామన్నారు గానీ ఎలా వాడాలో వాళ్లకీ తెలియదు. దొరుకుతుందా?

జవాబు: అమ్మా, దొరికే అవకాశం బాగానే ఉంది, ఎందుకంటే అది ఈమధ్యే పడింది, లోతుకి పోయి ఉండదు. టెన్షన్ పడకండి, ముందు పెరడు ఊడవడం ఆపేయండి, మొక్కలకి పైపుతో నీళ్లు కొట్టకండి, మగ్గుతో పోయండి. ఆ రోజు పూలు కోసిన బుట్ట, కట్టుకున్న చీర కుచ్చిళ్లు, జాకెట్టు మెడ ఒకసారి దులిపి చూసుకోండి.

మీ దగ్గర ఎవరి దగ్గరా లేని ఒక సాయం ఉంది, రెండో చెవి దుద్దు. దాన్ని చిన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టి, అదే మల్లె పాదు దగ్గర మట్టి మీద పెట్టి దాని మీంచి కాయిల్ పోనివ్వండి. వచ్చిన అంకె, వచ్చిన కూత, మీరు వెతుకుతున్నది అచ్చంగా అదే. తర్వాత ఆ కవరుని ఒక అంగుళం మట్టి కింద, రెండు అంగుళాల కింద పెట్టి వినండి. దుద్దు చిన్నది కాబట్టి అంతకంటే లోతున మెషీన్‌కి వినపడకపోవచ్చు, అందుకే కాయిల్ నేలకి దాదాపు తగిలేంత కిందుగా ఉండాలి. చిన్న కాయిల్ వాళ్ల దగ్గర ఉంటే అదే వేయించుకోండి. ఇనుము ఆపేసే మోడ్ వద్దు, అన్నీ వినిపించే మోడ్ పెట్టండి. చేతి గాజులు, ఉంగరాలు తీసేయండి.

పెరట్లో దారం కట్టి రెండేసి అడుగుల గళ్లు చేయండి, ముగ్గు వేసే ముందు చుక్కలు పెట్టుకున్నట్టు. ఒక గడి పూర్తయ్యాకే ఇంకో గడి. మీకు ఎక్కడ పడిందని అనిపిస్తోందో అక్కడ మాత్రమే వెతకడం వద్దు, మల్లె పందిరి దగ్గర నుంచి ఇంటి గుమ్మం దాకా నడిచిన దారంతా గళ్లలో ఉండాలి. గోడ పక్కన, మెష్ పక్కన మెషీన్ అరిచేస్తుంది, అక్కడ ఇలా చేయండి: డిటెక్టర్‌ని ప్లాస్టిక్ కుర్చీ మీద కదలకుండా పెట్టి, ఆ చోటి పైమట్టి అరచేతి మందాన తీసి, ప్లాస్టిక్ మగ్గులో పోసి, మగ్గునే కాయిల్ ముందు అటూ ఇటూ ఆడించండి. కూయని మట్టి ఒక పక్కకి, కూసిన మట్టి పళ్లెంలోకి. పళ్లెంలో మట్టిని జల్లెడ పట్టండి.

దుద్దు దొరికాక అక్కడితో ఆపకండి. మర ఊడి పడితేనే దుద్దు పడుతుంది కాబట్టి మర ముందే, మీరు నడిచిన దారిలో ఇంకొంచెం వెనక పడి ఉండొచ్చు. అది ఇంకా చిన్నది, మెషీన్ కంటే పొద్దున ఏటవాలు ఎండలో వంగి చూస్తే తళుక్కుమని త్వరగా కనబడుతుంది. దొరికిందో లేదో నాకు రాయండి.